ఎమరీ బెల్టు అతుకు కత్తి మీద వదిలే గాట్లు: గుర్తించడం, తగ్గించడం, సరిచేయడం

కత్తి పక్కలను నునుపు చేయడం అందం కోసమే అనుకుంటే పొరపాటు. కొత్తపట్నం నుంచో మైపాడు నుంచో వచ్చిన వంజరాన్నీ చందువనూ పొద్దస్తమానం ఉప్పునీటి తడిలో కోసే కార్బన్ స్టీలు కత్తి మీద ఎక్కడ లోతైన గీత ఉంటే అక్కడ తడి నిలుస్తుంది. తుడిచినా ఆ తడి పూర్తిగా పోదు, మరునాటికి సరిగ్గా ఆ గీతలోనే ఎర్రటి తుప్పు కనిపిస్తుంది. లారీ కమాను పట్టీని కొలిమిలో కాల్చి, దాగలి మీద సాగగొట్టి, ఆకురాయితో రాకి కత్తి చేయడం నెల్లూరు, ప్రకాశం జిల్లాల కమ్మరులకు చిరకాలంగా అలవాటైన పని. ఆ రాకే పనికి ఇప్పుడు గరుకు అంటించిన గుడ్డ పట్టీని చక్రాల మీద తిప్పే బెల్టు గ్రైండరు తోడై, గంటల పనిని నిమిషాల్లోకి తెచ్చింది. అయితే ఆకురాయి పనిలో ఎన్నడూ లేని ఒక లోపం కూడా దానితో పాటే వచ్చింది. కత్తి వీపు నుంచి వాదర (పదునైన అంచు) వైపు అడ్డంగా, దాదాపు సమాన దూరాల్లో, దువ్వెన పళ్ళలా వరుసగా సన్నని గాట్లు పడుతుంటాయి. బెల్టు రెండు కొసలు కలిసే అతుకు, చుట్టుకు ఒకసారి చొప్పున కత్తికి తగలడం వల్ల పడే గాట్లు అవి.

అతుకు ఉన్నంతకాలం అక్కడ ఎంతో కొంత ఎత్తు ఉంటుంది కనుక ఈ లోపాన్ని ఒక్క ఉపాయంతో తుడిచివేయడం సాధ్యం కాదు. ఆ ఎత్తు కత్తిని ఎంత బలంగా తాకాలన్నది మాత్రం చాలావరకు మన చేతిలోనే ఉంది. ఆకారం తెచ్చే దశలో బెల్టు వెనుక గట్టి ఆధారం, నునుపు తెచ్చే దశలో మెత్తటి ఆధారం, చివరి గీతలు చేతితో తీయడం అనే క్రమాన్ని పాటిస్తే సమస్యలో పెద్ద భాగం తీరిపోతుంది. ఈ క్రమాన్ని పట్టించుకోకుండా ఖరీదైన బెల్టు కొంటే చాలనుకునేవారు డబ్బు వృథా చేసుకుంటున్నారనే నా అభిప్రాయం.

గాటు పడే తీరు

బెల్టు కొసలను కలపడానికి ప్రధానంగా రెండు పద్ధతులు ఉన్నాయి. మొదటి పద్ధతిలో ఒక కొస మీదికి మరో కొసను ఎక్కించి అంటిస్తారు. ఎక్కించే చోట గరుకును గీకి, గుడ్డను పలుచన చేసినా, రెండు పొరలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి కనుక ఎత్తు కొంత మిగులుతుంది. ఇటువంటి బెల్టు వెనుక బాణం గుర్తు ఉంటుంది. బెల్టు ఆ దిశలోనే తిరగాలి, ఎందుకంటే తిరగేసి ఎక్కిస్తే పైపొర అంచు కత్తికి ఎదురు తగిలి గాటు ఎక్కువవుతుంది, అతుకు కూడా త్వరగా లేచిపోతుంది. రెండో పద్ధతిలో కొసలను ఏటవాలుగా కోసి, ఎదురెదురుగా చేర్చి, వెనుక వైపు సన్నని గట్టి టేపు అంటిస్తారు. ఈ బెల్టులను సాధారణంగా రెండు దిశల్లోనూ తిప్పవచ్చు. ముందు వైపు ఎత్తు కనిపించకపోయినా వెనుక టేపు మందం ఉంటుంది. బెల్టు వెనుక ఆనుకొని ఉండే ఇనుప పలకను ప్లాటెన్ అంటారు. టేపు దాని మీదికి వచ్చిన క్షణంలో బెల్టు మొత్తం ఆ మందం మేరకు ముందుకు ఉబుకుతుంది.

ఆ ఉబుకు తగిలినప్పుడు చేతిలోని కత్తి వెంటనే వెనక్కి జరగలేదు. ఆ ఒక్క క్షణం ఒత్తిడి పెరిగి బెల్టు మీది గరుకు పలుకులు లోతుగా దిగుతాయి, మరుక్షణం కత్తి కొద్దిగా ఎగిరి, పక్క భాగం సరిగా రాచుకోకుండానే దాటిపోతుంది. అందువల్ల ప్రతి గాటు పక్కనా కొంచెం మెట్టగా మిగిలిన పట్టీ ఒకటి ఉంటుంది. మన కంటికి చారలుగా కనిపించేది ఈ లోతు, మెట్టల జంటే.

ముతక బెల్టు మీద కనిపించని ఈ దోషం సన్న బెల్టు మీద ఎందుకు బయటపడుతుందో అర్థం కావాలంటే పలుకుల కొలత చూడాలి. పి120 (గరుకు నంబరు) బెల్టులో పలుకు సగటు పరిమాణం సుమారు 125 మైక్రాన్లు, పి240లో 58 మైక్రాన్లకు కొంచెం పైన, పి400లో 35 మైక్రాన్లు. అతుకు దగ్గర మందం మిగతా చోటు కంటే 0.1 మి.మీ., అంటే 100 మైక్రాన్లు ఎక్కువగా ఉందనుకోండి. పి120 విషయంలో ఆ ఎత్తు పలుకు కంటే చిన్నది కాబట్టి గాటు మామూలు గీతల్లో కలిసిపోతుంది. పి400కు వచ్చేసరికి అదే ఎత్తు పలుకుకు దాదాపు మూడు రెట్లు అవుతుంది, ఇక దాన్ని దాచగలిగే గీత ఆ బెల్టులో ఉండదు. ముతక దశలో పడిన గాట్లు అప్పుడు కనిపించకపోయినా, సన్న దశలో చుట్టూ నునుపు వచ్చేకొద్దీ తేటపడతాయి. పి400 వేశాక గాట్లు కనిపిస్తే దోషం పి400 బెల్టుదేనని వెంటనే తేల్చవద్దు, పి120 దశలో పడినవి ఇప్పుడు బయటపడి ఉండవచ్చు.

గాట్ల దూరం కొలిస్తే కారణం తెలుస్తుంది

బెల్టు మీద నెపం వేసే ముందు గాట్ల మధ్య దూరం కొలవండి. ఈ పరీక్షకు స్కేలు, గడియారం చాలు. కత్తుల పనిలో ఎక్కువగా వాడే బెల్టు 2 అంగుళాల వెడల్పు, 72 అంగుళాల పొడవు, అంటే సుమారు 1830 మి.మీ. చుట్టు. 1440 ఆర్‌పీఎం (నిమిషానికి 1440 చుట్లు) మోటారుకు 100 మి.మీ. వ్యాసం ఉన్న చక్రం బిగిస్తే బెల్టు సెకనుకు సుమారు 7.5 మీటర్లు నడుస్తుంది. ఆ లెక్కన అతుకు సెకనుకు నాలుగు సార్లకు కొద్దిగా ఎక్కువగా కత్తి ముందుకు వస్తుంది. 250 మి.మీ. పొడవున్న అలుగును (పిడి కాక మిగిలిన కత్తి రేకును) పిడి వైపు నుంచి మొన వరకు 5 సెకన్లలో లాగితే సెకనుకు 50 మి.మీ. జరుగుతుంది కాబట్టి గాట్ల మధ్య దూరం సుమారు 12 మి.మీ. ఉండాలి. అదే అలుగును 10 సెకన్లలో లాగితే 6 మి.మీ. ఉండాలి. 2880 ఆర్‌పీఎం మోటారు అయితే ఈ దూరాలు సగానికి తగ్గుతాయి.

కొలిచిన దూరం ఈ లెక్కకు దగ్గరగా ఉంటే కారణం అతుకే. అదే 50 మి.మీ. వేగంలో గాట్లు 2 మి.మీ. దూరంలో దగ్గర దగ్గరగా పడితే అతుకును తప్పుపట్టడానికి లేదు. మోటారు చక్రం సెకనుకు 24 సార్లు తిరుగుతుంది కనుక, ఆ దూరం చక్రం వంకర తిరుగుతున్నదనో, చక్రం మీది రబ్బరు ఒకచోట అరిగిందనో, చక్రానికి ఇనుప పొడి గట్టకట్టిందనో చెబుతుంది. లెక్క ప్రకారం రావలసిన దూరంలో సగానికే గాట్లు పడితే బెల్టు మీద రెండు ఎత్తులు ఉన్నాయన్నమాట. ఒకటి అతుకు, రెండోది చాలావరకు మడత. పార్సిల్‌లో బెల్టును చదునుగా మడిచి పంపినప్పుడు, లేదా సన్నని మేకుకు నెలల తరబడి వేలాడదీసినప్పుడు గుడ్డలో విరుపు ఏర్పడి అది రెండో అతుకులా కొడుతుంది. ఇక గాట్లకు వరుస అంటూ లేకుండా, ఒకటి రెండు లోతైన గీతలు మాత్రమే ఉంటే, ముతక బెల్టు నుంచి రాలిన పలుకు సన్న బెల్టు మీద చిక్కుకుందేమో చూడాలి.

చెవి కూడా ఇందులో సాయం చేస్తుంది. అతుకు దెబ్బ లెక్కపెట్టగలిగేలా టక్ టక్ మని విడివిడిగా వినిపిస్తుంది, చక్రం దోషం మాత్రం ఒకే మోతగా, గుంయ్ మని సాగుతుంది.

అనుమానం తీరాలంటే మోటారు ఆపి, ప్లగ్గు తీసి, అతుకుకు ఎదురుగా బెల్టు అంచున సుద్దతో గీత పెట్టుకొని, బెల్టును చేతితో మెల్లగా తిప్పుతూ, ప్లాటెన్ దగ్గర వేలి కొసను బెల్టు మీద తేలికగా ఆనించి ఉంచండి. కంటికి ఏమీ తెలియని అతుకు కూడా వేలి కింద నుంచి దాటేటప్పుడు చిన్న మెట్టులా తెలుస్తుంది. ఆ తర్వాత స్క్రూ గేజీతో అతుకు మీద, అతుకుకు దూరంగా మరి మూడు చోట్ల మందం కొలిచి తేడా రాసుకోండి. ఏ నంబరు బెల్టులో ఎంత తేడా ఉన్నప్పుడు గాటు కనిపించిందో నాలుగైదు బెల్టులకు రాసుకుంటే, కొత్త బెల్టు చేతికి రాగానే అది ఆకారం తెచ్చే పనికి పోవాలో నునుపు పనికి ఉండాలో ముందుగానే నిర్ణయించుకోవచ్చు.

బెల్టు తెప్పించుకునేటప్పుడు

మన పట్టణాల హార్డువేరు దుకాణాల్లో ఎమరీ షీట్లు, డిస్కులు దొరికినంత సులభంగా 72 అంగుళాల బెల్టులు దొరకవు కాబట్టి చాలామంది చెన్నై నుంచో విజయవాడ నుంచో తెప్పించుకుంటారు. పెద్ద చుట్ట నుంచి కోసి, అడిగిన కొలతకు అతికి ఇచ్చే వ్యాపారులు ఉంటారు. పొడవు, వెడల్పు, నంబరు చెప్పి ఊరుకోకుండా అతుకు రకం కూడా చెప్పాలి. నునుపు పనికి ఒక కొస మీద మరో కొస ఎక్కించిన బెల్టు వద్దు, ఎదురెదురుగా చేర్చి వెనుక పలుచని టేపు వేసినదే కావాలి. కోత ఎంత ఏటవాలుగా ఉంటే అంత మంచిది. నిటారుగా కోసిన అతుకు కత్తి వెడల్పంతటినీ ఒకేసారి కొడుతుంది, వాలుగా కోసినది ఒక అంచు నుంచి మరో అంచుకు క్రమంగా జారుతుంది. అలలా వంకర టింకరగా కోసి కలిపిన అతుకులు కూడా దొరుకుతాయి, వాటి దెబ్బ మరింత మెత్తగా ఉంటుంది.

వెనుక గుడ్డ విషయానికి వస్తే, ఎక్స్, వై రకాలు మందంగా బిర్రుగా ఉండి ముతక పనికి తగినవి, జె రకం పలుచగా వంగే నూలు గుడ్డ. పి240 నుంచి పైకి జె రకం గుడ్డనే నేను సిఫారసు చేస్తాను. మెత్తటి గుడ్డ కావడం వల్ల మెత్తటి ఆధారం మీద అతుకు దగ్గర కూడా అది లొంగుతుంది. బిర్రు గుడ్డ బెల్టులో అతుకు చుట్టుపక్కల అంగుళం మేర కూడా వంగకుండా పలకలా కొడుతుంది. గరుకు సన్నదైనంత మాత్రాన బెల్టు నునుపు పనికి పనికివస్తుందని అనుకోకూడదు.

చిన్న చిన్న గోపురాల్లా గరుకును పేర్చి చేసిన బెల్టులు ఉన్నాయి. 3ఎం సంస్థ ట్రైజాక్ట్ అందుకు ఉదాహరణ. వాటి నంబర్లలో ఎ అక్షరం తర్వాత వచ్చే అంకె తగ్గేకొద్దీ గరుకు సన్నబడుతుంది, కాబట్టి ఎ45 కంటే ఎ16 సన్నది. పీచుతో చేసిన స్కాచ్ బ్రైట్ వంటి బెల్టుల్లో అసలు పదార్థమే మందం కనుక అతుకు కూడా మోటుగా ఉంటుంది. పీచు మెత్తగా ఉండటం వల్ల దాని దెబ్బ లోతుగా దిగకపోయినా, మెరుపులో తేడాగా చారలు పడతాయి. వాటిని ప్లాటెన్ మీద వాడవద్దు, వెనుక ఏ ఆధారమూ లేని చోటే వాడాలి.

పార్సిల్ పంపేవారికి బెల్టులను మడవకుండా గుండ్రంగా చుట్టి పంపమని తప్పకుండా చెప్పండి. అడిగితే చేసి పెడతారు.

గ్రైండరులో సరిచేసుకోవలసినవి

ప్లాటెన్ పై అంచును ముందుగా చూడండి. బెల్టు చక్రం మీది నుంచి ప్లాటెన్ మీదికి దిగే చోట ఆ అంచు కోసుగా ఉంటే, ప్రతి చుట్టులోనూ టేపు అంచు అక్కడ తగిలి, ఆ అదురు బెల్టు అంతటా పాకుతుంది, టేపు కూడా అక్కడి నుంచే లేవడం మొదలవుతుంది. పై అంచును, కింది అంచును ఆకురాయితో గుండ్రంగా రాకి, సన్న ఎమరీతో నునుపు చేయండి. ప్లాటెన్ ముఖం పైచక్రం, కిందిచక్రం కలిపే గీత కంటే 2 లేదా 3 మి.మీ. ముందుకు ఉండాలి. వెనక్కి ఉంటే బెల్టు గాలిలో ఆడుతూ ప్లాటెన్‌ను చరుస్తుంది, మరీ ముందుకు ఉంటే అతుకు పై అంచు మీద వంగి కొడుతుంది. స్టీలు పట్టీ అడ్డంగా పెట్టి చూస్తే చాలా ప్లాటెన్లు నడుమ అరిగి గుంత పడి కనిపిస్తాయి. గుంత పడిన ప్లాటెన్ మీద అతుకు సమస్యను ఎంత సవరించినా ప్రయోజనం ఉండదు, ముందు దాన్ని చదును చేయించుకోవాలి.

ఆకారం తెచ్చే దశలో, అంటే పి120 వరకు, అవసరమైతే పి240 వరకు, ప్లాటెన్ గట్టిగానే ఉండాలి. అక్కడ మెత్తదనం వస్తే వాలు, అంటే వాదర వైపు పలుచబడే పక్క, చదునుగా రాదు, పిడి దగ్గర వాలు మొదలయ్యే గీత అలికినట్టు అయిపోతుంది. ఆ గీత ఒకసారి చెడితే తిరిగి తేవడం కష్టం. ఆకారం కుదిరాక ప్లాటెన్ మీద గ్రాఫైటు పూసిన గుడ్డ అంటించండి. దానితో బెల్టు తేలికగా జారుతుంది, టేపు మందాన్ని కొంత మింగుతుంది. ఇంకా మెత్తదనం కావాలంటే 2, 3 మి.మీ. మందం ఉన్న తోలు ముక్కను, దాని మీద గ్రాఫైటు గుడ్డను వేయవచ్చు. వట్టి తోలు మీద బెల్టును నేరుగా తిప్పితే తోలు కాలిపోతుంది. నునుపు పనికి విడిగా ఒక ప్లాటెన్ చేయించి, తోలు, గ్రాఫైటు గుడ్డ దానికే అంటించి ఉంచుకుంటే ప్రతిసారీ పీకి అంటించే బాధ ఉండదు. ఈ ఒక్క ఏర్పాటు వల్ల కలిగే మేలు మరే ఖర్చు వల్లా కలగదని గట్టిగా చెప్పగలను.

ప్లాటెన్‌కు బదులు బెల్టు వెనుక ఆధారంగా ఉండే రబ్బరు కాంటాక్టు చక్రం మీద పని చేసేవారికి కూడా సూత్రం ఇదే. గట్టి రబ్బరు, గాళ్ళు కోసిన చక్రం ముతక పనికి మంచివి. నునుపు పనికి మెత్తటి రబ్బరు, గాళ్ళు లేని చక్రం కావాలి. ప్లాటెన్ తీసివేసి, వెనుక ఏ ఆధారమూ లేకుండా బెల్టు మీదే రుద్దడం ఇంకో మార్గం. అందులో అతుకు దెబ్బ దాదాపు తెలియదు గాని అలుగు పక్కలు కొద్దిగా ఉబ్బెత్తుగా వస్తాయి. మాంసం కత్తికి, కొబ్బరి కొట్టే కత్తికి ఆ ఉబ్బు మంచిదే. పలుచగా చదునుగా ఉండవలసిన చేపల కత్తికి మాత్రం రెండు మూడు సార్లు తేలికగా తాకించడానికే దాన్ని పరిమితం చేయాలి.

బిగువు కూడా చూసుకోవాలి. బెల్టు జారకుండా, దారి తప్పకుండా నడిచేంత బిగువు చాలు. అంతకు మించి బిగిస్తే అతుకు దగ్గర ఉన్న కొద్దిపాటి లొంగుబాటు కూడా పోతుంది. వేగం విషయంలో అభిప్రాయాలు రెండు రకాలుగా ఉన్నాయి. వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే పరికరం) పెట్టి వేగం తగ్గిస్తే ఒక్కొక్క దెబ్బ తీవ్రత, వేడి తగ్గుతాయి, కాని దెబ్బలు దూరం దూరంగా పడి విడివిడి చారలుగా కనిపిస్తాయి. వేగం పెంచితే గాట్లు దగ్గరపడి ఒకదానిలో ఒకటి కలుస్తాయి గాని గట్టిపరచిన స్టీలుకు వేడి ప్రమాదం. గట్టిపరచిన అలుగు మీద తగ్గించిన వేగాన్నే ఎంచుకోవాలి. సుమారు 200 డిగ్రీల వద్ద టెంపరు చేసిన (గట్టిపరచాక పెళుసుతనం తగ్గేలా మళ్ళీ కాచిన) కార్బన్ స్టీలు పలుచని వాదర దగ్గర నీలి రంగుకు తిరిగిందంటే అక్కడ వేడి 300 డిగ్రీల దాకా పోయినట్టే, అక్కడి గట్టిదనం పోయినట్టే. నునుపు ఎంత బాగా వచ్చినా ఆ కత్తికి పదును నిలవదు.

కొత్త బెల్టును సాధు చేయడం

కొత్త సన్న బెల్టును నేరుగా కత్తి మీద పెట్టవద్దు. ముందు పక్కకు నిలబడి, నిమిషం పాటు వట్టిగా తిరగనివ్వండి. అతుకు బలహీనంగా ఉంటే ఆ నిమిషంలోనే తెగుతుంది, ఎదురుగా మనిషి లేకపోతే నష్టం ఏమీ ఉండదు. ఆ తర్వాత గట్టిపరచిన స్టీలు ముక్క, పాత ఆకురాయి వీపు వంటిది, చదునుగా పట్టుకొని ప్లాటెన్ దగ్గర బెల్టుకు అతి తేలికగా తాకించండి. ఎత్తుగా ఉన్న అతుకు మీది పలుకులే ముందుగా దానికి తగిలి మొనలు అరుగుతాయి. టక్ టక్ శబ్దం తగ్గేదాకా ఉంచి ఆపాలి. బెల్టు మొత్తం మొద్దుబారేదాకా చేస్తే ఫలితం లేదు.

ఇంకా ఎత్తు తెలుస్తుంటే, బెల్టును యంత్రం నుంచి తీసి, చదునైన చెక్క మీద అతుకును పరచి, విరిగిన సాన చక్రపు ముక్కతో అతుకు వెంట వేలెడు వెడల్పున పలుకుల మొనలను మాత్రం నలపండి. గుడ్డ బయటపడకూడదు, వెనుక టేపు జోలికి అసలే పోకూడదు. టేపును గీకి పలుచన చేస్తే ఎత్తు తగ్గే మాట నిజమే, కాని బెల్టు బలమంతా ఆ టేపు మీదే ఆధారపడి ఉంది. సెకనుకు 7 మీటర్ల వేగంలో అది తెగితే బెల్టు కొస చేతికి, ముఖానికి చరుస్తుంది. గోపురాల గరుకు ఉన్న బెల్టులకు ఈ నలిపే పద్ధతి వద్దు, వాటికి స్టీలు ముక్క తాకించడం చాలు. కళ్ళద్దాలు, దుమ్ము ముసుగు లేకుండా ఈ పనులేవీ చేయవద్దు.

చేయి నడిచే తీరు

నునుపు దశలో చేతి ఒత్తిడి తగ్గాలి. గాట్లు కనిపించిన కొద్దీ మరింత నొక్కి వాటిని తీసేయాలని చూడటం సహజమే గాని, నొక్కిన కొద్దీ అతుకు మరింత లోతుగా దిగుతుంది. బెల్టు కోస్తున్నదని చేతికి తెలిసేంత ఒత్తిడి చాలు. అంతకు మించి అవసరం అనిపించిందంటే బెల్టు మొద్దుబారిందని అర్థం, దాన్ని మార్చాలి.

మోచేతులు పక్కటెముకలకు ఆనించి, చేతులను కదపకుండా నడుము నుంచి ఒంటిని జరిపితే అలుగు ఒకే వేగంతో కదులుతుంది. పిడి దగ్గర మొదలుపెట్టి మొన వరకు ఆగకుండా ఒకే లాగుడు లాగాలి. మధ్యలో ఆగిన చోట అతుకు ఒకే స్థానంలో పదే పదే పడి అడ్డంగా పల్లం చేస్తుంది. ఎక్కువ మంది చేతిలో లోతైన గాటు పిడి పక్కన, వాలు మొదలయ్యే చోటనే పడటానికి కారణం కూడా ఇదే, అక్కడ కత్తిని ఆనించి, కుదురుకున్నాక లాగుతారు. అలుగు కదులుతూ ఉండగానే బెల్టును తాకేలా, మొన దగ్గర బెల్టును వదిలాకనే కదలిక ఆగేలా అలవాటు చేసుకోవాలి. ఒక లాగుడుకు, తర్వాతి లాగుడుకు వేగం కొద్దిగా మార్చితే దెబ్బలు ఒకేచోట పడకుండా చెదిరి, ఒకదాన్ని మరొకటి కొంతవరకు చెరుపుతాయి.

నంబరు మారినప్పుడల్లా కత్తిని పట్టే కోణం కూడా మార్చండి. పి120 గీతలు వీపు నుంచి వాదరకు నేరుగా ఉంటే పి240 గీతలు ఏటవాలుగా రావాలి. అప్పుడు పాత గీత, పాత గాటు ఏది మిగిలినా అడ్డంగా కనిపించి పట్టుబడుతుంది. వాదర మరీ పలుచబడ్డాక బెల్టు వాదర మీది నుంచి బయటికి పోయేలా పట్టాలి. వాదర బెల్టుకు ఎదురుగా ఉంటే అతుకు అంచు దానికి తట్టుకొని బెల్టు చీలవచ్చు, కత్తి చేతిలోంచి ఎగిరిపోవచ్చు.

వేడెక్కిన అలుగును నీటిలో ముంచి, నీరు విదిలించి, గుడ్డతో తుడిచాకనే మళ్ళీ బెల్టు మీద పెట్టాలి. జె రకం నూలు గుడ్డ బెల్టులు సాధారణంగా తడికి తట్టుకోవు. కారే నీరు గుడ్డను ఉబ్బిస్తుంది, టేపు జిగురును వదులు చేస్తుంది. ఉదయం బాగున్న బెల్టు మధ్యాహ్నానికి కొట్టడం మొదలుపెట్టిందని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి ఈ నీరే కారణం.

పడిన గాట్లను తీయడం

గాట్లు ఉన్నాయో లేవో తేల్చడానికి అలుగు పక్కకు నల్ల మార్కరు సిరా పూసి, గీస్తున్న బెల్టు మీదే ఒకే ఒక తేలిక లాగుడు లాగి చూడండి. మెట్టలు మెరుస్తాయి, పల్లాల్లో నలుపు మిగిలిపోతుంది. ట్యూబులైటు కింద అలుగును దాదాపు చదునుగా పట్టుకొని, వెలుగు చార మొన నుంచి పిడి వైపు పాకేలా మెల్లగా వంచితే, గాటు ఉన్న ప్రతి చోటా ఆ చార చిన్నగా వంకర తిరుగుతుంది. ఎదురుగా నిలబెట్టి చూస్తే అద్దంలా ఉన్న అలుగు కూడా ఈ వంపులో తన లోపాలన్నీ బయటపెడుతుంది.

నలుపు మిగిలితే అదే సన్న బెల్టుతో రుద్దుతూ కూర్చోవద్దు. ఒకటి రెండు నంబర్లు వెనక్కి వెళ్ళాలి. పి400లో కనిపించిన గాటుకు పి120 దగ్గరికో, గాటు పలుచనైతే పి240 దగ్గరికో వెళ్ళి, గట్టి ప్లాటెన్ మీద పక్క మొత్తాన్ని సమానంగా దించుతూ, సిరా పూర్తిగా పోయేదాకా చేసి, అప్పుడు మళ్ళీ పైకి రావాలి. గాటు ఉన్న ఒక్క చోటే రుద్దితే అక్కడ పల్లం పడి, గాటు పోయినా వెలుగులో అల కనిపిస్తుంది.

ఇలా వెనక్కి వెళ్ళడానికి లోహం మిగిలి ఉండాలి. గట్టిపరచడానికి ముందు వాదర దగ్గర 0.7 నుంచి 1 మి.మీ. మందం ఉంచి, గట్టిపరచాక మెల్లగా 0.3, 0.4 మి.మీ.కు దించేవారికి ఆ వెసులుబాటు ఉంటుంది. ముందే పలుచన చేసుకున్నవారికి ఉండదు.

పి400 తర్వాత మిగిలిన సన్న చారలను చేతితో తీయడమే మేలు. పిడి వైపు అలుగును చెక్కకు క్లాంపుతో బిగించి, వాదర చెక్క అంచు దాటి బయటికి రాకుండా చూసుకోండి. తడి పొడి రెండింటికీ పనికివచ్చే ఎమరీ కాగితాన్ని చదునైన గట్టి స్టీలు పట్టీకి చుట్టి, సబ్బు నీళ్ళు చల్లుకుంటూ, అలుగు పొడవునా రుద్దండి. బెల్టు గీతలు అడ్డంగా ఉంటాయి, చేతి గీతలు నిలువుగా పోతాయి కాబట్టి ఏ చార మిగిలిందో ఇట్టే తెలుస్తుంది. మొదటి కాగితం బెల్టు నంబరు కంటే ఒక మెట్టు ముతకగా, పి320తో మొదలుపెట్టడం మంచిది. ఒకే నంబరుతో అడ్డ గీతలన్నీ పోయేదాకా ఓపిక పట్టాలి, అవి పోకుండా తర్వాతి నంబరుకు వెళితే శ్రమ రెట్టింపు అవుతుంది. చివర ప్రతి లాగుడూ పిడి నుంచి మొనకు ఒకే దిశలో, ముందుకూ వెనక్కూ ఆడించకుండా లాగితే గీతలు వెంట్రుక వాసి తేడా లేకుండా ఒకే వరుసలో నిలుస్తాయి. చేపల కత్తికి పి600 దాకా ఇలా చేసి, ఆరబెట్టి, పలుచగా నూనె రాస్తే చాలు, అద్దం మెరుపు అవసరం లేదు.

మన తీరంలో బెల్టులను నిలువ చేయడం

ఎమరీ బెల్టులకు సుమారు 20 డిగ్రీల వేడి, 40 నుంచి 65 శాతం తేమ అనుకూలం. మన తీరంలో ఆ రెండూ ఒక్కసారిగా దొరికే రోజులు అరుదు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానల్లో గుడ్డ తేమను పీల్చి సాగుతుంది, అంచులు ముడుచుకుంటాయి, టేపు జిగురు మెత్తబడుతుంది. రోహిణి ఎండల్లో రేకుల షెడ్డులో వేలాడదీసిన బెల్టు ఎండిపోయి బిర్రుగా మారి, అతుకు దగ్గర విరుపులు పడతాయి. తలుపు బిగువుగా పడే చెక్క అలమరలో, గోడకు ఆనకుండా, 100 మి.మీ. వ్యాసం ఉన్న పీవీసీ గొట్టపు ముక్కలు బిగించి వాటికి బెల్టులు వేలాడదీయండి. గొట్టం గుండ్రన వల్ల మడత పడదు. వానాకాలంలో లోపల సిలికా జెల్ సంచులు ఉంచి, తడిసినప్పుడల్లా ఆరబెట్టి మళ్ళీ పెట్టాలి. బెల్టు వెనుక కొన్న నెల, సంవత్సరం రాసి, ముందు వచ్చినవే ముందు వాడాలి. టేపు జిగురు కాలంతో చచ్చిపోతుంది కాబట్టి చవకగా వచ్చాయని ఏళ్ళకు సరిపడా కొని పెట్టుకోవడం నునుపు బెల్టుల విషయంలో లాభం కాదు.

పని ముగించేటప్పుడు బెల్టు బిగువు వదలండి. బిగువు మీదే రాత్రంతా ఉంచితే సన్న చక్రం దగ్గర వంపు నిలిచిపోయి, మరునాడు ఉదయం కాసేపు ఆ వంపే అతుకులా కొడుతుంది. పని మొదలుపెట్టే ముందు ప్రతిసారీ అతుకు వెనుక వైపు చూడండి. టేపు మూల గోటితో లేపితే లేచేలా ఉన్నా, టేపు మీద తెల్లటి గీత కనిపించినా, ఆ బెల్టును యంత్రం మీది నుంచి తీసి, అతుకు భాగం కోసి పారేసి, మిగిలిన పట్టీని చేతి పనికి ముక్కలుగా చేసుకోండి.